ఆలన్ ట్యూరింగు - కాగితపు యంత్రము

తాము నాటిన విత్తనము ఫలించుట కన్నులార చూడకయే లోకమును వీడిన మహనీయులు కొందరు కలరు. వారి శ్రమఫలమును తరువాతి తరములవారు అనుభవింతురు. ఆంగ్లదేశీయుడగు ఆలన్ మాథిసన్ ట్యూరింగు అట్టివారిలో నొకడు. కంప్యూటరు చదరంగమాడుట నేడు వింత కాదు. కాని అట్లాడగల యంత్ర మొక్కటియు లేని దినములలో, ఆయన నియమములను కాగితముపై వ్రాసికొని, వాని ననుసరించి తానే యంత్రమై ఆడి చూపెను.

ట్యూరింగు కుటుంబమునకు మన తెలుగుసీమతో సంబంధము కలదు. ఆయన తండ్రి జూలియస్ ట్యూరింగు ఇండియన్ సివిల్ సర్వీసులో చేరి, నాటి మద్రాసు రాజధానిలో ఉద్యోగము చేసెను. తల్లి ఈథెల్ సారా పోదనూరులో జన్మించినది. ఆమె తండ్రి ఎడ్వర్డు స్టోనీ మద్రాసు రైల్వేలో ముఖ్య ఇంజనీరు. వివాహమైన పిమ్మట జూలియస్ దంపతులు ఉద్యోగరీత్యా పార్వతీపురము, విశాఖపట్టణము, అనంతపురము, బెజవాడ, శ్రీకాకుళము, కర్నూలు మున్నగు చోట్ల నివసించి, 1911లో గంజాము మండలమందలి ఛత్రపురము చేరిరి. పిదప వారు స్వదేశమునకు వెళ్లియుండగా, 1912 జూన్ 23వ తేదీన లండను నగరమున ఆలన్ జన్మించెను.

కొలదికాలమునకు తండ్రి మరల మద్రాసు రాజధానికి వచ్చెను. తరువాత తల్లియు భర్తను చేరెను. బాలుడైన ఆలన్, అతని అన్న జాన్, హేస్టింగ్సు సమీపమున ఒక విశ్రాంత సేనాధికారి ఇంట పెరిగిరి. తలిదండ్రులు సెలవులకు వచ్చినప్పుడే బిడ్డలకు వారి దర్శనము లభించెడిది. అందువలన ఆలన్ చిన్ననాటనే ఒంటరిగా ఆలోచించుటకు అలవాటుపడెను.

1926లో ఆయన షెర్బోర్ను పాఠశాలలో చేరవలసియుండెను. సరిగా ఆ దినములలోనే బ్రిటనులో సార్వత్రిక సమ్మె సాగుచుండుటచే రైళ్లు నిలిచిపోయెను. పదునాల్గవయేట నున్న ఆ బాలుడు వెనుదీయలేదు. సౌతాంప్టను రేవునుండి సైకిలెక్కి, దారిలో ఒక రాత్రి విశ్రమించి, సుమారు 60 మైళ్లు ప్రయాణము చేసి పాఠశాల చేరెను. ఆ పాఠశాలలో క్రిస్టఫర్ మార్కమ్ అను విద్యార్థి ఆయనకు ప్రాణమిత్రు డయ్యెను. గణితమును, నక్షత్రములను గూర్చి వారిరువురు ఎడతెగక ముచ్చటించుకొనెడివారు. 1930లో క్రిస్టఫర్ క్షయవ్యాధిచే మరణించెను. ఆ దుఃఖము ఆలన్ హృదయమున లోతుగా నాటుకొనెను. మిత్రుడు చేయదలచిన శాస్త్రకృషిని తాను చేయవలెనని ఆయన నిశ్చయించుకొనెను.

1931లో ట్యూరింగు కేంబ్రిడ్జిలోని కింగ్సు కళాశాలలో చేరెను. 1935లో, 22 ఏండ్ల ప్రాయముననే, ఆ కళాశాలకు ఫెలోగా ఎన్నికయ్యెను. మరుసటి సంవత్సరము ఆయన గణితశాస్త్రమున ఒక గొప్ప వ్యాసము వ్రాసెను. అందులో ఒక ఊహాయంత్రమును వర్ణించెను. దానికి గడులుగా విభజింపబడిన పొడవైన కాగితపు పట్టీ యుండును. యంత్రము ఒక్కొక్క గడిలోని గుర్తును చదివి, నియమానుసారముగా దానిని చెరిపి వేరొకటి వ్రాయును. లేదా ప్రక్క గడికి జరుగును. ఏ పనికి తగిన నియమములను ఆ పట్టీపై వ్రాసి యిచ్చినచో, ఒకే యంత్రము ఆ పనులన్నియు చేయగలదని ఆయన నిరూపించెను. నేటి కంప్యూటరులకు మూలభావ మిదియే.

1939లో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. శత్రువులు ఎనిగ్మా అను యంత్రముతో తమ వార్తలను గూఢలిపిలోనికి మార్చి పంపుచుండిరి. ఆ రహస్యమును ఛేదించుటకై బ్లెచ్‌లీ పార్కు అను చోట విద్వాంసులు చేరిరి. ఈ విషయమున పోలండు గణితజ్ఞులు అంతకుముందే కొంత త్రోవ చూపియుండిరి. ట్యూరింగు ఆ మార్గమును విస్తరింపజేసి, గూఢలిపిని పరీక్షించు విద్యుద్యంత్రమును రూపొందించెను. జర్మను జలాంతర్గాముల వార్తలను చదువుటకు ఆయన శాఖ చేసిన కృషి అపారము.

బ్లెచ్‌లీ పార్కులో ఇంగ్లండులోని మేటి చదరంగ క్రీడాకారులు కొందరు కూడ పనిచేసిరి. హ్యూ అలెగ్జాండరు, స్టూవర్టు మిల్నరుబారీ, హారీ గోలంబెక్కు వారిలో ముఖ్యులు. వారి యెదుట ట్యూరింగు ఆట నిలువజాలదయ్యెను. గణితమున అంతటి మేధావి బల్లయొద్ద సామాన్యుడే. అయినను చదరంగమును గూర్చి ఆలోచించుట ఆయన మానలేదు. తానెట్లు గెలువవలెనను చింత ఆయనకు లేదు. ఎత్తును ఎన్నుకొనునప్పుడు మనుష్యుని మనస్సున ఏమి జరుగును, దానిని నియమములుగా వ్రాయ వీలగునా యనునదే ఆయన ప్రశ్న.

ఆయన వినోదప్రియుడు, పరుగులో గట్టివాడు. 1947లో ఒక మారథాను పందెమును 2 గంటల 46 నిమిషములలో ముగించెను. చదరంగమును పరుగును కలిపి ఆయన ఒక క్రొత్త ఆట కల్పించెను. ఒకరు ఎత్తువేసి ఇంటిచుట్టు పరుగెత్తి రావలెను. తిరిగి వచ్చునప్పటికి ఎదుటివాడు తన ఎత్తు వేయకున్నచో, వచ్చినవానికి మరియొక ఎత్తు లభించును.

యుద్ధానంతరము 1948లో ట్యూరింగు, కేంబ్రిడ్జి మిత్రుడగు డేవిడ్ చాంపర్నౌనుతో కలసి, చదరంగమాడు యంత్రమునకు నియమావళిని సిద్ధపరచెను. ఇరువురి పేర్లలోని భాగములను కలిపి దానికి టూరోచాంపు అని పేరు పెట్టిరి. ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలో క్లాడ్ షానను అను విద్వాంసుడును ఇట్టి ఆలోచనయే చేయుచుండెను. టూరోచాంపును నడపగల యంత్ర మానాడు లేదు. కావున ట్యూరింగు కాగితము, పెన్సిలు చేతబట్టి, నియమములు చెప్పినట్లు లెక్కలు వేసి, వచ్చిన ఎత్తును బల్లపై వేసెడివాడు. తన యిష్టమునకు అందులో తావీయలేదు. ఇదియే కాగితపు యంత్రము.

ఆ నియమములలో మొదటిది పావులకు వెల కట్టుట. బంటుకు 1, గుర్రమునకు 3, శకటునకు మూడున్నర, ఏనుగునకు 5, మంత్రికి 10 చొప్పున విలువ నిర్ణయించిరి. ఆట ఆరంభమున ఒక్కొక్క పక్షమునందలి పావుల వెల మొత్తము 41 అగును. యంత్రము తన పావుల మొత్తమును ఎదిరి పావుల మొత్తముచే భాగించును. ఆ భాగఫలము ఎంత హెచ్చయిన స్థితి అంత మేలని గ్రహించును.

రెండవ నియమము ముందుచూపును గూర్చినది. యంత్రము తాను వేయదగిన ఎత్తులన్నిటిని, వానికి ఎదుటివాడు వేయగల బదులు ఎత్తులన్నిటిని చూడవలెను. పావులను పట్టుకొనుట ఇంకను సాగుచున్నచో, అది ముగిసి బల్ల శాంతించువరకు ఆ త్రోవను వెంబడింపవలెను. బజారులో సరకు చేత బట్టుకొని, పైకము చెల్లింపకముందే సంచిలోని ధనమును లెక్కించువాడు తాను లాభపడితి ననుకొనును. పావుల మార్పిడి నడుమ లెక్క చూచు యంత్రమునకు అట్టి భ్రమయే కలుగును. అందువలననే ట్యూరింగు ఈ నియమమును పెట్టెను. రెండు ఎత్తులకు భాగఫలము సమానమైనచో, పావులకు కదలుటకు గల చోటు, రాజు భద్రత, బంటుల పురోగతి చూచి నిర్ణయింపవలెను.

ఇచ్చట ఒక చిక్కు కలదు. చదరంగమున పావును బలియిచ్చుట రెండు విధములు. గుర్రమును విడిచినచో రెండవ ఎత్తుననే ఎదుటి మంత్రి చిక్కుననుకొందము. అప్పుడు తన మొత్తము 38, ఎదిరి మొత్తము 31. భాగఫలము ఒకటి కంటె హెచ్చు. కాగితపు యంత్రము తడవు చేయక ఆ గుర్రమును విడుచును. కాని నిజమునకు ఇది త్యాగము కాదు; వెంటనే లాభము తెచ్చు బేరము.

రెండవ విధము వేరు. క్రీడాకారుడు ఒక బంటు కొరకు గుర్రమును విడుచును. వెంటనే లాభము కనబడదు. అయినను ఎదుటి రాజు కోట బీటవారినది. అతని పావులు ఇంకను మూలల నున్నవి. దాడి పదవ ఎత్తున ఫలింపవచ్చును, పదునైదవ ఎత్తున ఫలింపవచ్చును, ఫలింపకయు పోవచ్చును. కాగితపు యంత్రము మాత్రము తన 38ని ఎదిరి 40చే భాగించి, వచ్చిన 0.95ను చూచి, ఇది నష్టమని త్రోసివేయును. ఏమియు చేయక ఊరకున్నచో 41ని 41చే భాగింపగా 1 వచ్చును గదా! తొలకరికి విత్తనములు చల్లి వచ్చిన రైతు, ఆ సాయంకాలము గాదెను చూచినచో అతనికి తగ్గుదలయే కనబడును. గాదెను మాత్రమే లెక్కించువానికి వ్యవసాయము నష్టమని తోచును.

అట్లయిన యంత్రము మరికొంత దూరము చూడరాదా? ఒక్కొక్క స్థితిలో సుమారు 30 ఎత్తులు వేయ వీలుండుననుకొన్నచో, ఒక ఎత్తు, దాని బదులు చూచుటకు 900 మార్గములు ఏర్పడును. ఇరుపక్షముల రెండేసి ఎత్తులు చూచినచో 8 లక్షల 10 వేలు. మూడేసి చూచినచో 72 కోట్ల 90 లక్షలు. చేతితో లెక్కించు మనుష్యునికి ఇది అసాధ్యము. ఎంత వేగముగల యంత్రమైనను ఎక్కడనో ఒకచోట ఆగి వెల కట్టక తప్పదు. కావున ఎంత దూరము చూడవలెననుటతో ప్రశ్న ముగియదు. ఆగిన చోట చూచినదానికి ఎట్లు విలువ కట్టవలెననునదే అసలు ప్రశ్న.

1952లో మాంచెష్టరునందు ట్యూరింగు ఈ కాగితపు యంత్రము పక్షమున, ఆలిక్ గ్లెన్నీ అను సహోద్యోగితో ఒక ఆట ఆడెను. ఒక్కొక్క ఎత్తును లెక్కించుటకు సుమారు అరగంట పట్టుచుండెను. ఆట నడుమ నియమములు తెచ్చిన ఎత్తు తనకు నచ్చకున్నను ఆయన దానినే వేయవలసివచ్చెను. 29వ ఎత్తున యంత్రపు మంత్రి ఒక బంటును పట్టెను. గ్లెన్నీ తన ఏనుగును జరపగా ఆ మంత్రికి దిక్కులేకపోయెను. అంతటితో యంత్రపక్షము ఓటమి నంగీకరించెను. ఒక బంటుకై ఆశపడి మంత్రిని పోగొట్టుకొనిన ఆ ఆట, పావుల వెలను మాత్రమే నమ్ముటలోని లోపమును తేటపరచినది.

ట్యూరింగు ఈ లోపమును దాచలేదు. 1953లో వెలువడిన ఒక గ్రంథములో ఆ ఆటను యథాతథముగా ప్రకటించి, ఆ నియమావళి తన ఆటకే వికటచిత్రము వంటిదని ఒప్పుకొనెను. ఆయన అంతకుముందే ఒక సూక్ష్మవిషయమును గుర్తించియుండెను. 1947లో లండను గణితసభలో ఉపన్యసించుచు, ఎన్నడును తప్పు చేయరాదని శాసించినచో యంత్రము బుద్ధిశాలి కాజాలదని ఆయన వివరించెను. 1950లో వ్రాసిన మరియొక వ్యాసమున, పెద్దల జ్ఞానమంతయు యంత్రమునకు ఒక్కమారే ఎక్కించుటకు మారుగా, పసిబిడ్డవంటి యంత్రమును చేసి, దానికి విద్య నేర్పవలెనని సూచించెను. తప్పు చేసి, దానివలన నేర్చుకొను యంత్రమును ఆయన భావించెను. దానిని నిర్మించుటకు తగిన సాధనములు మాత్రము ఆనాడు లేవు.

ఆ 1952వ సంవత్సరమే ఆయన జీవితమున కష్టములు తెచ్చెను. పురుషుడు పురుషుని ప్రేమించుట నాటి ఆంగ్లచట్టము ప్రకారము నేరము. ఆ చట్టము క్రింద న్యాయస్థానము ఆయనను దోషిగా నిర్ణయించెను. చెరసాలకు మారుగా దేహమును క్రుంగదీయు ఔషధచికిత్సకు ఆయన లోబడవలసివచ్చెను. దేశమునకు అంతటి సేవ చేసినవానికి ప్రభుత్వపు రహస్యకార్యములలో ప్రవేశము నిషేధింపబడెను. యుద్ధకాలమున ఆయన చేసిన పని ఇంకను రహస్యముగనే యుండుటచే, ఆయన ఋణమును లోక మెరుగదయ్యెను. 1954 జూన్ 7వ తేదీన, 41 ఏండ్ల వయస్సున, ఆయన సైనైడు విషమువలన మరణించెను. విచారణాధికారి దానిని ఆత్మహత్యగా నిర్ణయించెను. తల్లి మాత్రము అది ప్రమాదమని విశ్వసించెను. చాలకాలమునకు ఆ దేశము తన తప్పును తెలిసికొనెను. 2009లో ప్రధానమంత్రి ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పెను. 2013లో రాణి ఆయనకు మరణానంతర క్షమాభిక్ష ప్రసాదించెను. 2021లో ఆయన ముఖచిత్రముతో 50 పౌండ్ల నోటు వెలువడెను.

ట్యూరింగు విడిచిన ప్రశ్నను తరువాతివారు చేపట్టిరి. 1997 మే నెలలో న్యూయార్కునందు, డీప్ బ్లూ అను యంత్రము ప్రపంచవిజేతయగు గారీ కాస్పరోవును ఓడించెను. అది క్షణమునకు 20 కోట్ల స్థితులను చూడగలది. కడపటి ఆటలో, 8వ ఎత్తున, ఆ యంత్రము తన గుర్రమును బలియిచ్చెను. కాస్పరోవు 19 ఎత్తులలోనే ఓడిపోయెను. కాని ఆ త్యాగము యంత్రము స్వయముగా యోచించినది కాదు. చదరంగ ప్రవీణులు ఆరంభపుటెత్తుల పట్టికలో ముందుగా చేర్చియుంచిన ఎత్తది. అంతటి వేగముగల యంత్రమునకును ఆ ధైర్యమును మనుష్యుడే అరువిచ్చెను.

పిదప 20 ఏండ్లకు, 2017లో, లండనులోని డీప్‌మైండు సంస్థవారు ఆల్ఫాజీరో అను కార్యక్రమమును వెలువరించిరి. దానికి ఆట నియమములు తప్ప మరేమియు చెప్పలేదు. పావుల వెలలను కూడ ఈయలేదు. అది తనతో తానే లక్షలకొలది ఆటలాడి, ఓడి, గెలిచి నేర్చుకొనెను. ఒక స్థితిని చూచినప్పుడు అది పావులను కూడి భాగింపదు. ఇట్టి స్థితినుండి ఆట సాగినచో గెలుపు ఎంతవరకు సంభవమో అంచనా వేయును. అందువలన ఎదుటి పావులు మూలపడియున్నచో, ఒక పావును విడిచి చాలసేపు వేచియుండుటకు అది వెనుదీయదు. నాటి మేటి కార్యక్రమమగు స్టాక్‌ఫిష్‌తో ఆడిన 100 ఆటలలో అది 28 గెలిచి, తక్కినవి సమము చేసి, ఒక్కటియు ఓడలేదు. 2020లో స్టాక్‌ఫిష్ కూడ, నేర్చుకొను పద్ధతిచే విలువ కట్టుటను అవలంబించెను. గాదెను లెక్కించుట విడిచి, పైరును అంచనా వేయుటను యంత్రము నేర్చినది. ట్యూరింగు కోరిన పసిబిడ్డయంత్రము చదరంగపు బల్లమీద ఈ విధముగా పెరిగి పెద్దదయ్యెను.

కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన పురస్కారము నేడు ట్యూరింగు పేరనే కలదు. 1994లో దానిని పొందినవారిలో చిత్తూరు మండలమందలి కాటూరున జన్మించిన రాజ్ రెడ్డి యొకరు. చదరంగమునందును తెలుగువారి కీర్తి తక్కువ కాదు. 2003లో వరంగల్లున జన్మించిన అర్జున్ ఎరిగైసి 14 ఏండ్లకే గ్రాండుమాస్టరయ్యెను. 2024లో బుడాపెస్టు నగరమున జరిగిన ఒలింపియాడులో భారతజట్టుతోపాటు స్వర్ణపతకము సాధించెను. ఆ సంవత్సరమే 2800 రేటింగును దాటెను. విశ్వనాథన్ ఆనందు తరువాత ఆ మెట్టు నెక్కిన రెండవ భారతీయు డాతడే.

నేటి క్రీడాకారుడు ఒక పావును బలియిచ్చుటకు ముందు, ఇంటియొద్ద ఆ త్యాగమును యంత్రమునకు చూపి దాని అభిప్రాయము తెలిసికొనవచ్చును. యంత్రము ఒక సంఖ్యను చెప్పును. పోటీలో బల్లయెదుట కూర్చున్నప్పుడు మాత్రము ఆ సంఖ్య అతని దగ్గర ఉండదు. తన బుద్ధిని, తన ధైర్యమును నమ్ముకొని, ఫలము కనబడకున్నను పావును ముందుకు జరుపవలెను. కాగితము, పెన్సిలు మాత్రమే ఆధారముగా, ఓటమికి వెరవక, ఒక్కొక్క ఎత్తునకు అరగంటసేపు లెక్కవేసిన ట్యూరింగు చేసినదియు అట్టి పనియే.